మూడో పిలుపు

ఈపాటికి పూజ సగానికొచ్చి ఉంటుంది, ఫాదరు ప్రసంగం అందుకుని ఉంటాడు, ముందు బల్లల మీది ఆడవాళ్ళు విసనకర్రలు విప్పి ఉంటారు, మా పొడుగుపిల్ల ఎడమవైపు మూడో బల్ల చివర వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంటుంది, దాని వెనకవాళ్ళకి పీఠం కనపడక లోలోపల తిట్టుకుంటూ ఉంటారు, తిట్టుకోనీ, అనుకుంది ఎమెతేరియా, ఆపరేషనైన మోకాలిని ఎదుటి కుర్చీ మీదికి చేర్చుకుంటూ. అద్దాల బాల్కనీలోకి మే నెల ఎండ వచ్చి ఒళ్ళో కూర్చుంది. కింద సలమాంకా వీధిలో ఆదివారం జనం తీరిగ్గా నడుస్తున్నారు, వీళ్ళకెవరికీ తెలీదు ఈరోజు పెన్యహారాలో ముళ్ళపొద మాత పండగని, అసలు పెన్యహారా అనే ఊరొకటి ఉందనే తెలీదు, తెలియకపోతే వాళ్ళ ఖర్మ. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎంతమంది పిల్లలు దిగలేదు, స్పానిష్ నేర్చుకుంటామని వచ్చి, పెట్టింది తిని, శనివారం రాగానే సంచులు భుజాన వేసుకుని ఒకళ్ళు సముద్రానికి, ఒకళ్ళు మాడ్రిడ్‌కి, ఇంకొకళ్ళు పోర్చుగల్‌కి పోయేవాళ్ళే గానీ, సెన్యోరా, ఈ శని ఆదివారాలు మీ ఊరు వెళ్ళి మీ చోట్లో నేను నిలబడతాను అన్న పిల్ల ఒక్కతైనా ఉందా. ఒక్క మిల్డాయే అంది. చెంచా గిన్నెలో పెట్టి, మూతి తుడుచుకుని మరీ అంది.

పల్లకీ మాట దాని ముందు అనాలని అనలేదు ఎమెతేరియా. డాక్టరు నెలలపాటు బరువు మొయ్యొద్దన్నాడని ఫోన్లో ఎవరికో చెబుతూ, అయితే ఈ ఏడు మా చోటు పోయినట్టే అని నోరు జారిందంతే. ముళ్ళపొద మాత పల్లకీని మగవాళ్ళు ముట్టుకోరు. ఊళ్ళో పాత ఇళ్ళు ఎన్నో అన్ని చోట్లు పల్లకీ మోసే దండె కింద, తల్లి తర్వాత కూతురు, కూతురు లేకపోతే ఇంటి శాలువా కప్పుకుని ఆ ఇంటివాళ్ళు పంపగా వచ్చిన ఏ ఆడమనిషైనా సరే. ఒక్క ఏడు ఆ చోటు ఖాళీ అయితే దగ్గరి చుట్టం వచ్చి నిలబడుతుంది, ఇక అది వాళ్ళదే, మళ్ళీ తిరిగి రాదు. అమ్మ భుజం మీద ఆ దండె ఒత్తిడికి కాయ కాసి ఉండేది, స్నానం చేయించేటప్పుడు చివరి రోజుల్లో తను దాని మీద సబ్బు రాస్తూ ఎంతసేపు చెయ్యి అక్కడే ఉంచేదో, అమ్మ కళ్ళు మూసుకునే, ఏమిటే అంటే, ఏం లేదమ్మా అనేది. ఆ శాలువా ఇప్పుడు లిథువేనియా పిల్ల భుజాల మీద ఉంది. నల్లది, అంచున ఎర్రపూలు, పెట్టెలోంచి తీసినప్పుడు కర్పూరం వాసన గుప్పుమంది. మిల్డా కప్పుకుని అద్దం ముందు నిలబడితే కుచ్చులు నడుం దాకా కూడా రాలేదు, ఇద్దరూ నవ్వారు, నవ్వుతూనే ఎమెతేరియా వెనక్కి తిరిగి బీరువా తలుపు వెయ్యాల్సినంత సేపు కంటే ఎక్కువసేపు వేసింది.

అక్టోబరులో వచ్చినప్పుడు ఈ పిల్లకి నీళ్ళు కావాలని అడగటం కూడా వచ్చేది కాదు. వేలు పెట్టి చూపించేది. వేలు చూపిస్తే నీళ్ళు ఇవ్వను, నోటితో అడుగు అని జగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి, ఎంత మొండిదాన్ని నేను, పిల్ల ముఖం ఎర్రబడేది గానీ ఏడ్చేది కాదు, రెండో వారానికి అడిగింది, నెలకి వాదించింది, క్రిస్మస్ నాటికి చేపల బజారులో చేప కళ్ళు చూసి ఇది నిన్నటిదండీ అని కొట్టువాడితో దెబ్బలాడింది. బడిలో వ్యాకరణం చెప్పారు, కాదనను, నోరు ఇచ్చింది మాత్రం నేను, ఈ వంటింట్లో, ఈ బల్ల దగ్గర. ఇప్పుడు అది మాట్లాడుతుంటే మాట చివర సాగదీయడం అచ్చం పెన్యహారా సాగతీత, సలమాంకాలో ఎవరికీ ఉండదది, నాకూ లేదనుకుంటున్నాను ఇన్నేళ్ళూ, మరి దానికెక్కడిది. తిండి దగ్గర మాత్రం ఒకటే పేచీ. రొట్టె కాల్చినప్పుడు అంచు నల్లబడితే ఎమెతేరియా దాన్ని చూడలేకపోయేది, చాకు తీసుకుని గీకి గీకి పొయ్యి పక్కన నల్లటి పొడి పోసేది, పెదవులు తమంతట తామే ఏదో గొణిగేవి. మిల్డా ఆ నల్లముక్కే కావాలనేది. మా అవ్వ చేసే రొట్టె ఇంతకంటే నలుపు సెన్యోరా, ఇది మాడడం కాదు, రొట్టె రంగే ఇది అనేది. నీ దేశంలో అయ్యుండొచ్చు, నా ఇంట్లో కుదరదు, తే ఇటు. ఏమంటున్నారు సెన్యోరా గొణుగుతూ. ఏమీ లేదు, రొట్టెతో మాట్లాడుతున్నాను.

రొట్టె అనుకోగానే గుర్తొచ్చి, చంక కర్రలు అందుకుని వంటింట్లోకి వెళ్ళింది. నిన్నటి రొట్టె ముక్కలు పెనం మీద పరిచి మంట సన్నగా పెట్టింది, వెల్లుల్లి చారులోకి. వెల్తురు కోసం వదిలిన చిన్న ఖాళీకి అవతల, ఎదురు వంటింటి కిటికీలో కసిల్దా నీడ కదిలింది. ఆవిడ ముక్కు గొప్ప ముక్కు, ఈ మేడలో ఎవరింట్లో ఏం వండినా చెప్పేస్తుంది, నలభై ఏళ్ళ ఇరుగుపొరుగు, ఇప్పటికీ అండీ అనే పిలుపు. మళ్ళీ బాల్కనీలోకి వచ్చి కుర్చీలో కూలబడి, పిల్లకి చెప్పినవన్నీ ఇంకోసారి మనసులో తిరగేసుకుంది. తాడు చెప్పులే వేసుకో, బూట్లు వద్దు, వాగు దగ్గర జారుతుంది. నువ్వు పొడుగు గనక బరువంతా నీ మీదే పడుతుంది, నడుం వంచకు, మోకాళ్ళు వంచు. గుడిలో ఫోను కట్టెయ్, మోగిందంటే నా పరువు పోతుంది. ఒరెన్సియా అని ఒకతె ఉంటుంది, బూడిదరంగు కళ్ళు, నిన్ను కింది నుంచి పైదాకా చూస్తుంది, చూడనీ, నువ్వు చూడకు. పూజ కాగానే గుడి వాకిట్లోకి వెళ్ళి నిలబడు, ఆ ఏడు పండగ పెద్దావిడ వచ్చి ఒక్కో ఇంటినీ పిలుస్తుంది, మూడుసార్లు పిలుస్తుంది, మన ఇంటి పిలుపు రాగానే ఇక్కడే అని పలికి దండె కిందికి వెళ్ళు. అన్నీ చెప్పాను, ఒక్కటీ వదల్లేదు, తల్లి కూతురికి చెప్పినట్టు చెప్పాను. పెద్దావిడ మెట్టు మీద నిలబడుతుంది, గంటలవాళ్ళూ అంటుంది, ఇక్కడే. నక్కతోలువాళ్ళూ అంటుంది, ఇక్కడే. తేనెవాళ్ళూ, ఇక్కడే. తర్వాత మనది. మనది అంటే.

అయ్యో.

పేరు చెప్పలేదు. పండగ పెద్దావిడ కాగితాల మీది పేర్లతో పిలవదు, ఊరు పెట్టిన పేరుతో పిలుస్తుంది, ఆ పేరు పిల్లకి చెప్పలేదు, సెన్యోరా మీ ఊళ్ళో మీ ఇంటిని ఏమంటారు అని అది బస్సెక్కే ముందు అడిగింది కూడా, మాటల్లో పడి, కాదు, మాటల్లో పడి కాదు, అబద్ధాలెందుకు, నోరు రాక మాట తప్పించి, శాలువా జాగ్రత్త అంది తను. అక్కడ చెబుతారులే అనుకుంది. ఎవరు చెబుతారు? మాడురొట్టెలవాళ్ళు. అదీ పేరు. ముత్తవ్వ కాలంలో, పండగ ముందురోజు ఊరి పొయ్యి దగ్గర కాపలా వంతు ముత్తవ్వది, ఊరందరి రొట్టెలూ లోపల, బయట పిల్లనగ్రోవివాడూ డప్పువాడూ వచ్చారు, ఆవిడ ఒక్క పాట అని వెళ్ళి చీకటి పడేదాకా గంతులేసింది. మర్నాడు ఊరు ఊరంతా, ఫాదరుతో సహా, నల్లటి రొట్టె కొరుక్కుంటూ పండగ చేసుకుంది. ఆవిడ చచ్చిపోయింది, ఆ పాట పోయింది, ఊరి పొయ్యి కూలి దాని మీద కూరగాయల తోట వేశారు, పేరు మాత్రం చావలేదు. సమోరాలో నన్‌ల బడిలో చేరితే అక్కడికీ వచ్చింది, ఊరి పిల్ల ఒకతె మోసుకొచ్చింది, భోజనాల బల్ల దగ్గర రొట్టె పంచేటప్పుడల్లా, ఎమెతేరియాకి మాడింది ఇవ్వండి సిస్టర్, అలవాటు అనేవాళ్ళు. అందుకే సలమాంకా వచ్చాక ఆ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. కట్టుకున్న గౌదెన్సియోకే చెప్పలేదు. పండగలకి వచ్చేవాడు గనక ఆయనకి తెలిసే ఉంటుంది, తెలిసీ ఒక్కనాడు నోరు జారలేదు, రొట్టె మాడినా మెచ్చుకుని తినేవాడు, మహానుభావుడు.

ఫోను అందుకుని మిల్డాకి చేసింది. కట్టేసి ఉంది. ఉండదూ మరి, తనే కట్టెయ్యమంది, ఆ పిల్ల చెప్పిన మాట దాటదు, పరువు పోతుందని కట్టించిన ఫోనే ఇవాళ పరువు తీస్తోంది. ఇంకెవరికి చేస్తుంది, ఊళ్ళో మిగిలిన ఇళ్ళెన్ని, అందరూ గుడిలోనే ఉంటారు. ఒరెన్సియా. మేనమామ కూతురు, అదే ముత్తవ్వకి మునిమనవరాలు, తేనెవాళ్ళ కోడలై పోయింది గానీ అక్కడ దండె కింది చోటు తోడికోడలిది, దీనికి దక్కలేదు, అందుకే మన చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉంటుంది. అమ్మని మట్టి చేసిన రోజు, సమాధుల గేటు దగ్గర, అందరూ వింటుండగా అంది: "నీకు చోటు కావాలే తెరియా, పేరు అక్కర్లేదు. పట్నం భుజాలు చేతిసంచీ మొయ్యడానికే." ఆనాటి నుంచి మాటల్లేవు. పండగకి వెళ్ళినా దండె కింద తను, గుంపులో అది, చూపు కలిస్తే చూపు తిప్పుకోవడం. దాని నంబరు ఫోన్లో ఉందని కూడా ఎమెతేరియా ఒప్పుకునేది కాదు. ఉంది. నొక్కింది. ఒరెన్సియా, ఆ పొడుగు పిల్లకి మన పేరు చెప్పవే, నీ కాళ్ళు పట్టుకుంటాను, అనడానికి సిద్ధంగా గొంతు సవరించుకుంది. మోగింది, మోగింది, మోగి మోగి ఆగిపోయింది. గుడిలో ఉంటుంది. ఎత్తినా మాత్రం చెబుతుందా? చెప్పదు. దాని స్థానంలో నేనుంటే చెబుతానా? ఫోను ఒళ్ళో బోర్లించింది.

అంతలో వీధి చివరి గుడిలో పన్నెండు కొట్టడం మొదలైంది. పెన్యహారాలో తలుపులు తెరుచుకుని ఉంటాయి. కొవ్వొత్తుల వాసన బయటికొస్తుంది, డప్పువాడు ఎండలో కళ్ళు చికిలించుకుంటూ కర్రలు సరిచేసుకుంటాడు, మాత ముఖం మీద పొద్దు పడుతుంది, ఆ ముఖంలో ఎడమ బుగ్గ మీద చెక్కలో చిన్న చీలిక, చిన్నప్పుడు అది కన్నీటి చార అనుకునేది తను. పెద్దావిడ పిలుస్తూ ఉంటుంది. మన పేరు పిలిచినప్పుడు అమ్మ ఎలా పలికేదో తెలుసు, మొదటి పిలుపుకి పలికేది కాదు, రెండోదానికీ కాదు, ఆ లోపల గుంపులో నవ్వులు లేచి అణిగేవి, మూడో పిలుపుకి తల దించుకుని, శాలువా కొస నోటికి అడ్డం పెట్టుకుని, ఇక్కడే అనేది, అదీ వినపడీ వినపడకుండా. అవ్వా అంతేనట. తనూ అంతే, ఎన్నేళ్ళు నిలబడిందో అన్నేళ్ళూ మూడో పిలుపుకే. మాడురొట్టెలవాళ్ళూ. ఒకటి. పిల్ల అటూ ఇటూ చూస్తూ ఉంటుంది, పాపం, ఎవరినో పిలుస్తున్నారనుకుని పక్కకి జరిగి దారి ఇస్తూ ఉంటుంది, అంత మర్యాద దానిది. మాడురొట్టెలవాళ్ళూ. రెండు. ఎంత దూరం నుంచి వచ్చింది, శనివారం తెల్లారగట్ల లేచి, సమోరా దాకా బస్సులో, అక్కడి నుంచి రొట్టెల వ్యానులో, రెండు వారాలుగా మెట్ల మీద నీళ్ళ డబ్బాలు భుజాన పెట్టుకుని ఎక్కీ దిగీ అలవాటు చేసుకుంది, భుజం మీద ఎర్రగా కమిలితే నాకు చూపించకుండా దాచుకుంది, నేను చూశాను. ఆ భుజం అక్కడ ఉంది, శాలువా ఉంది, మనసుంది, లేనిదల్లా నేను సిగ్గుపడి దాచిపెట్టిన ఒక్క మాట. నీకు చోటు కావాలే తెరియా, పేరు అక్కర్లేదు. నిజమే చెప్పిందది, దాని నోరు పడ, నిజమే చెప్పింది. మాడురొట్టెలవాళ్ళూ. మూడు. ఒరెన్సియా ముందుకు అడుగేసి ఉంటుంది. డప్పు మోగి ఉంటుంది. అమ్మా, నీ చోటు పోగొట్టాను, అని ఎమెతేరియా పైకే అంది, ఎండ కళ్ళలో పడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకుంది, చేతి వెనక కళ్ళు కారుతూనే ఉన్నాయి. ఊరేగింపు వాగు గట్టు చేరడానికి పట్టేంత సేపూ అలాగే కూర్చుంది, మలుపులన్నీ తనకు తెలుసు, ఒక్కో మలుపు దగ్గరా దండె కింద ఒరెన్సియా భుజమే కనపడింది.

ఒళ్ళో ఫోను మోగింది.

"సెన్యోరా! దించాం! ఇప్పుడే దించాం, వాగు దగ్గర!" మిల్డా రొప్పుతోంది, వెనక డప్పు, పిల్లనగ్రోవి, ఎవరో పకపకా నవ్వడం.

"దించాం అంటే? ఎవరు దించారు? నువ్వెక్కడున్నావ్?"

"దండె కింద! మీ చోట్లో! ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది నాకు."

"పిలిచినప్పుడు... ఎవరు పలికారే?"

"నేనే పలికాను. మాడురొట్టెలవాళ్ళూ అన్నారు, ఇక్కడే అన్నాను. మొదటి పిలుపుకే. తప్పా సెన్యోరా? అందరూ ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోయారు, తర్వాత చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, నాకేమీ అర్థం కాలేదు. కొంచెం గట్టిగా అన్నానేమో."

"ఎంత గట్టిగా?"

"గంటల గోపురం మీది కొంగలు లేచిపోయాయి."

"అది మన పేరని నీకెవరు చెప్పారు? ఒరెన్సియా చెప్పిందా?"

"మీరే చెప్పారుగా," అంది మిల్డా, ఇదేం ప్రశ్న అన్నట్టు. "రోజూ పొద్దున్న రొట్టె అంచు నల్లబడగానే, చాకుతో గీకుతూ, మాడురొట్టెలదానివే కదా, ఎక్కడికి పోతుంది బుద్ధి, అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. అక్టోబరు నుంచీ వింటున్నాను. మీ ఇంటి పేరు అడిగితే మీరు చెప్పలేదు, అంటే అదే అయ్యుంటుందనుకున్నాను. నాకు భలే నచ్చింది ఆ పేరు. మా అవ్వకి కూడా సరిపోతుంది." ఫోను చేతులు మారిన చప్పుడు. "ఉండండి, ఈవిడ మాట్లాడతానంటోంది. దిగుడు దగ్గర నా కాలు జారితే ఈవిడే వచ్చి దండెకి చెయ్యి వేసింది."

గొంతు ముసలిదైంది గానీ ఆ విరుపు అలాగే ఉంది. "ఏమే తెరియా."

"చెప్పవే."

"ఎక్కడ పట్టావే ఈ తాటిచెట్టుని? నా ఒంట్లో రక్తం గడ్డకట్టిందనుకో, మన పేరు అలా పలకడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ముత్తవ్వ లేచొచ్చి గంతేసినట్టుంది." అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఫోను మోగిందట, ఇప్పుడే చూశాను. నువ్వేనా చేసింది?"

"నేనే చేశాను."

"ఎందుకూ?"

"మన పేరు దానికి చెప్పమని అడుగుదామని."

డప్పు ఒక్కటే వినపడింది. "మోకాలు బాగు చేసుకుని రా," అంది ఒరెన్సియా. "వచ్చే ఏడు నువ్వూ అలాగే పలకాలి. గొణిగావంటే చోటు నేను లాక్కుంటాను, చెబుతున్నా."

ఫోను పెట్టేశాక ఎమెతేరియా ఏం చేసిందో ఆమెకే తెలీదు, నవ్విందో, ఏడ్చిందో, కర్రలు లేకుండానే లేచి నిలబడింది, మోకాలు మొర్రోమంది, మొత్తుకోనీ. నా పిల్ల, అనుకుంది, నేను నీళ్ళు అడగటం నేర్పిన పిల్ల, ఇంటి మొత్తానికి తల ఎత్తడం నేర్పి కూర్చుంది, అవ్వకి చేతకానిది, అమ్మకి చేతకానిది, నాకు చేతకానిది, ఒక్క అరుపుతో. కొంగలు లేచిపోయాయట. ఎంత చక్కగా అంది, క్రియ ఎక్కడ పడాలో అక్కడ పడింది, సాగతీతతో సహా. సాయంత్రం వస్తుంది, భుజానికి వెనిగర్ గుడ్డ వెయ్యాలి, గుడ్లు వెయ్యాలి, అడిగినంత నల్లముక్క పెట్టాలి, నల్లముక్క, రొట్టె, అప్పటికి గాని ముక్కుకి తగల్లేదు వాసన. వంటింటి గుమ్మంలోంచి నీలంరంగు పొగ మెల్లగా హాల్లోకి వస్తోంది. గోడ పట్టుకుని వెళ్ళి పొయ్యి కట్టేసింది. పెనం మీద ముక్కలన్నీ బొగ్గులు. అలవాటుగా చెయ్యి చాకు కోసం వెళ్ళింది, పెదవులు కదలబోయాయి, ఈసారి అవి కదలడం తెలిసింది ఆమెకి. చాకు అక్కడే ఉంచి, ఒక ముక్క తీసి కొరికింది. చేదుగా, కరకరలాడుతూ, అంత చెడ్డగా ఏం లేదు.

ఎదురు కిటికీ రెక్క టపీమని తెరుచుకుంది. "ఏమండీ ఎమెతేరియా గారూ," అని కసిల్దా గొంతు, మేడంతా వినపడేలా, "ఏదో మాడుతున్నట్టుంది, మీ ఇంట్లోనేనా?"

ఎమెతేరియా రెండో పిలుపు దాకా ఆగలేదు. కిటికీ బార్లా తెరిచి, మసి అంటిన మూతితో, అన్ని అంతస్తుల వాళ్ళూ బయటికొచ్చేంత గట్టిగా పలికింది:

"ఇక్కడే!"